పిల్లలతో బెంగళూరు హెచ్ఏఎల్ విమానాల మ్యూజియం: హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకి స్టెప్ బై స్టెప్ గైడ్

బెంగళూరు వెళ్తున్నాం, పిల్లలకి ఏం చూపించమంటావ్ అని ఎవరడిగినా నేను ముందు చెప్పేది హెచ్ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్, విమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ) హెరిటేజ్ సెంటర్ పేరే. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఉంటుంది, 2001లో పెట్టారు, మన దేశంలో తయారైన విమానాల్ని అంత దగ్గర్నుంచి చూసే చోటు ఇంకోటి తొందరగా దొరకదు. కానీ ఎలా చూడాలో తెలియకుండా వెళ్తే ముప్పావు గంటలో బయటికొచ్చేస్తారు. మా మొదటి ట్రిప్ అచ్చం అలాగే అయింది. మధ్యాహ్నం మూడున్నరకి చేరాం, ఒక్కో విమానం ముందు ఒక్కో ఫోటో దిగాం, ఇంజిన్ల హాల్లోకి ఒకసారి తొంగి చూసి వచ్చేశాం, మా చిన్నోడు గేటు దగ్గర "ఇంతేనా అమ్మా" అన్నాడు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే అక్కడ ఉన్నది "ఇంతే" కాదని నాకు తెలుసు, చూపించడం నాకు రాలేదంతే.

రెండేళ్ల తర్వాత మా మామయ్యని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాం. ఆయన బాలానగర్ హెచ్ఏఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజు అక్కడ నాలుగు గంటలు ఉన్నాం, పిల్లలు కదలమంటే కదల్లేదు. అదే మ్యూజియం, అవే విమానాలు. ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతే ఇక్కడ మొత్తం రాస్తున్నా, మీ ఇంట్లో అలాంటి మామయ్య లేకపోయినా పనికొచ్చేలా.

స్టెప్ 1: ఇంట్లోనే నాలుగు విమానాలు ఎంచుకోండి

ఇది వెళ్లడానికి ఒక వారం ముందు చేసే పని, అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. మ్యూజియంలో విమానాలు, హెలికాప్టర్లు, ఇంజిన్లు, మోడల్స్ కలిపి చాలా ఉంటాయి, అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడరు. నాలుగంటే నాలుగే తీసుకోండి. నా లెక్కలో ఆ నాలుగూ హెచ్‌టీ-2 అనే చిన్న ట్రైనింగ్ విమానం, మారుత్, అజీత్, మిగ్-21 అనే మూడు ఫైటర్ జెట్లు. మిగతావి దార్లో తగిలితే చూద్దాం అన్నట్టు ఉండాలి.

పిల్లలకి ఒక్కో విమానం గురించి ఒక్క కథ చెప్పండి చాలు, పాఠంలా వద్దు. మా అమ్మాయి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఒక్కో పేజీకి ఒక్కో పేరు రాసి కింద ఖాళీ వదిలింది, అక్కడికెళ్లి చూసినవి రాసుకోవడానికి. ఆ ఖాళీ పేజీ ఉండటం వల్లే అక్కడ తను ప్రతి విమానం చుట్టూ తిరిగి చూసింది అనిపించింది నాకు.

ఇంకో చిన్న పని. ఒక కాగితం ముక్క, జానెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు, పెదవి కింద పట్టుకుని పైనుంచి ఊదమనండి. వేలాడుతున్న కాగితం పైకి లేస్తుంది. వేగంగా పోయే గాలి దగ్గర ఒత్తిడి తగ్గడం, రెక్క గాలిని కిందికి తోయడం ఇవన్నీ తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు, ముందు ఆ కాగితం లేవడం వాళ్ల కళ్లతో చూడాలి. అది చూసిన పిల్లలు మ్యూజియంలో రెక్క పక్కన నిలబడి దాని వంపు ఎటుందో వాళ్లే వెతుక్కుంటారు.

స్టెప్ 2: మన ఊళ్లోనే ఒక వార్మప్

ఇది చాలామంది చెయ్యరు, కానీ చేస్తే తేడా తెలుస్తుంది. ఒక ఆదివారం సగం పూట నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ప్లానిటోరియం 1985లో ఎన్టీఆర్ గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది, సైన్స్ మ్యూజియం 1990లో, ఇస్రో సహకారంతో స్పేస్ మ్యూజియం 2019లో వచ్చాయి. అసెంబ్లీ మెట్రో స్టేషన్ దిగితే దగ్గరే. పిల్లలకి మ్యూజియంలో నడవడం, బోర్డు చదవడం, బటన్ నొక్కేముందు ఏం జరుగుతుందో ఊహించడం అలవాటవుతుంది. అక్కడున్న కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిందే, విమానాలకి సంబంధం లేకపోయినా దాన్ని చూడకుండా మాత్రం రాకండి.

దుండిగల్, హకీంపేట, మేడ్చల్ వైపు ఉండేవాళ్లకైతే వార్మప్ ఇంటి పైకప్పు మీదే ఉంది. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ట్రైనింగ్ విమానాలు తిరుగుతూనే ఉంటాయి కదా, ఆ అకాడమీలో ఎన్నో బ్యాచ్‌ల పైలట్లు నేర్చుకున్న కిరణ్ విమానాన్ని బెంగళూరులో చేతికందేంత దూరంలో చూడబోతున్నాం అని చెప్పండి. "మన ఇంటి మీద తిరిగేదే" అన్న మాట పిల్లలకి పట్టేస్తుంది.

స్టెప్ 3: ప్రయాణం ఎలా పెట్టుకోవాలి

రోడ్డు మీద దాదాపు 570 కిలోమీటర్లు, కర్నూలు, అనంతపురం మీదుగా. కాచిగూడ నుంచి యశ్వంతపూర్‌కి వందే భారత్ ఉంది, 2023 సెప్టెంబర్‌లో మొదలైంది, సౌకర్యంగానే ఉంటుంది కానీ పొద్దున బయల్దేరితే చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఆ రోజు మ్యూజియం పెట్టుకోవద్దు. మా మొదటిసారి పొరపాటు అదే. రాత్రి ట్రైన్‌లోనో బస్సులోనో వెళ్లి, రూమ్‌లో స్నానం చేసి, టిఫిన్ తిని, తెరిచే టైమ్‌కి గేటు దగ్గర ఉండటం మంచి పద్ధతి. లేదా వందే భారత్‌లో వెళ్లి ఆ సాయంత్రం కబ్బన్ పార్క్ తిరిగి, మ్యూజియం మర్నాడు పొద్దున్న పెట్టుకోండి. తిరుగు ప్రయాణానికి మాత్రం వందే భారత్ టికెట్ ముందే చేసేసుకోండి, వీకెండ్ దొరకదు.

విమానంలో వెళ్లే వాళ్లకి ఒక మాట. ఇప్పటి ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లి వైపు, అక్కడినుంచి ఈ మ్యూజియం బాగా దూరం, ట్రాఫిక్ కలుపుకుంటే గంటన్నర రెండు గంటలు వేసుకోండి. మన బేగంపేట 2008 మార్చిలో మూతపడి శంషాబాద్ తెరిచారు కదా, రెండు నెలలు తిరిగేసరికి మే నెలలో బెంగళూరులో కూడా అలాగే హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్ నుంచి ప్యాసింజర్ విమానాలు దేవనహళ్లికి వెళ్లిపోయాయి. కాబట్టి పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు అంటే ఏంటో మన బేగంపేట వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రన్‌వే మీద మాత్రం ఇప్పటికీ టెస్ట్ ఫ్లైట్లు ఉంటాయి, మ్యూజియంలో తిరుగుతుంటే ఒక్కోసారి తల మీద జెట్ మోత వినపడుతుంది, పిల్లలకి ఆ మోతే పెద్ద బహుమతి.

టికెట్ రేట్లు, కెమెరా ఛార్జీలు, సెలవు రోజులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందురోజు ఒకసారి చూసుకోండి. సిమ్యులేటర్ ఉంటుంది కానీ అది నడుస్తుందో లేదో ఆ రోజే తెలుస్తుంది, పిల్లలకి ముందే మాటివ్వకండి.

స్టెప్ 4: మ్యూజియం దాకా, ఒక రోడ్డు కథతో

యశ్వంతపూర్‌లో దిగితే గ్రీన్ లైన్ మెట్రోలో మెజెస్టిక్, అక్కడ పర్పుల్ లైన్‌కి మారి వైట్‌ఫీల్డ్ వైపు వెళ్లి బైయప్పనహళ్లిలో దిగండి. అక్కడినుంచి ఆటో, ఓ ఆరు కిలోమీటర్లు ఉండొచ్చు. ఇందిరానగర్‌లో దిగినా వెళ్లొచ్చు, కానీ నేను బైయప్పనహళ్లి ఎందుకు చెప్తున్నానంటే అటునుంచి ఆటో సురంజన్‌దాస్ రోడ్డు మీదుగా వెళ్తుంది.

ఆ పేరు పిల్లలకి ఆటోలోనే చెప్పండి. వింగ్ కమాండర్ సురంజన్ దాస్ టెస్ట్ పైలట్. మారుత్ విమానాన్ని 1961 జూన్ 17న మొదటిసారి గాల్లోకి లేపింది ఆయనే. 1970 జనవరి 10న అదే మారుత్ రకం ప్రోటోటైప్ (పరీక్ష కోసం చేసిన విమానం) ఒకటి కూలి ఆయన చనిపోయారు. ఆయన పేరు పెట్టిన రోడ్డు మీద వెళ్లి, ఆయన ఎగరేసిన విమానం ముందు నిలబడబోతున్నాం. మామయ్య ఈ మాట చెప్తున్నప్పుడు మా అమ్మాయి ఆటోలోంచి బయటికి చూస్తూ షాపుల బోర్డుల మీద ఆ రోడ్డు పేరు వెతికి వెతికి కన్నడ పక్కన ఇంగ్లీషులో ఉన్నది చదివి, "ఇదే కదా తాతయ్యా" అంది. నేను ఎన్నో మ్యూజియంలు చూశాను కానీ గేటు దాకా చేరకముందే మ్యూజియం మొదలవ్వడం అదే మొదటిసారి.

స్టెప్ 5: లోపల ఏ వరసలో తిరగాలి

ముందు బయట విమానాలు, ఎండ ముదరకముందే. తర్వాత ఫోటోల హాల్. తర్వాత ఇంజిన్ల హాల్. ఆ తర్వాత మళ్లీ బయటికొచ్చి మారుత్, మిగ్ దగ్గరికి రెండోసారి. ఈ రెండోసారి వెళ్లడం మర్చిపోకండి, ఇంజిన్ చూశాక విమానం చూస్తే అది వేరే విమానంలా కనిపిస్తుంది.

ఎండాకాలం అయితే టోపీ, నీళ్లు తప్పనిసరి, బెంగళూరు కదా చల్లగా ఉంటుందిలే అనుకోకండి. ఎండకి విమానాల రేకు కాలిపోతుంటుంది, అసలు ముట్టుకోవద్దని బోర్డులు ఉన్నచోట ముట్టుకోకూడదు కూడా, రెక్కల మీద "నో స్టెప్" అని రాసినచోట్లు పిల్లలకి చూపించి ఎందుకు రాశారో అడగండి. మెకానిక్ కాలు ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో కూడా విమానం మీదే రాసుంటుందని తెలిస్తే భలే ఆశ్చర్యపోతారు.

ఫోటోల హాల్ గురించి ఇక్కడే చెప్పేస్తా. వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త, మైసూరు సంస్థానం చేయి కలిపితే 1940 డిసెంబర్‌లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పుట్టింది. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఏడాది తిరక్కుండా హార్లో అనే ట్రైనర్ విమానం బిగించి ఎగరేశారు. 1964లో ఇంకో కంపెనీతో కలిసి ఇప్పటి హెచ్ఏఎల్ అయింది. పిల్లలకి ఈ తేదీలు అక్కర్లేదు, ఆ నలుపు తెలుపు ఫోటోల్లో పంచెలు కట్టుకుని, నిక్కర్లు వేసుకుని విమానాల పక్కన పని చేస్తున్న వాళ్ల మొహాలు చూడమనండి చాలు. పదిహేను నిమిషాల కంటే ఎక్కువ ఇక్కడ పెట్టకండి.

స్టెప్ 6: ఒక్కో విమానం దగ్గర ఏం చూడాలి

హెచ్‌టీ-2తో మొదలుపెట్టండి. చిన్న విమానం, ముందు ప్రొపెల్లర్, తోక కింద బుల్లి చక్రం, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు. డాక్టర్ వి.ఎం. ఘాట్గే డిజైన్ చేశారు, 1951 ఆగస్టులో మొదటిసారి ఎగిరింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లే అయింది చూడండి. తోక చక్రం వల్ల నేల మీద ముక్కు పైకెత్తి ఉంటుంది, అంటే ట్యాక్సీ చేస్తున్నప్పుడు పైలట్‌కి ముందు దారి సరిగ్గా కనపడదు, అందుకే ఇలాంటి విమానాల్ని నేల మీద అటూ ఇటూ వంకర్లు తిప్పుతూ నడుపుతారు. మా చిన్నోడు అది విని మ్యూజియం అంతా వంకర్లు తిరుగుతూ నడిచాడు.

తర్వాత మారుత్. ఇక్కడ టైమ్ చూసుకోకండి.

మారుత్ అంటే హెచ్‌ఎఫ్-24, మన దేశంలో డిజైన్ అయిన మొదటి జెట్ ఫైటర్. 1956లో జర్మన్ ఇంజనీర్ కుర్ట్ టాంక్ ఇక్కడికి వచ్చి మన ఇంజనీర్లతో కలిసి మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన ఫోక్‌వుల్ఫ్ 190 అనే జర్మన్ ఫైటర్ డిజైన్ చేసింది ఆయనే. నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, అసలు జెట్ తయారయ్యేముందు అదే సైజులో చెక్కతో ఇంజిన్ లేని గ్లైడర్ ఒకటి చేసి, 1959లో డకోటా విమానానికి తాడు కట్టి గాల్లోకి లాక్కెళ్లి వదిలేసి ఎలా తేలుతుందో చూశారు. కంప్యూటర్లు లేని రోజులు మరి. మన పిల్లలు కాగితం విమానం చేసి బాల్కనీలోంచి వదిలి చూసినట్టే కదా, కాకపోతే అందులో మనిషి కూర్చున్నాడు.

దగ్గరికెళ్లి పక్కనుంచి చూడండి. ఒళ్లు మధ్యలో, రెక్క కలిసే చోట నడుము సన్నబడినట్టు ఉంటుంది, పాత గాజు కూల్‌డ్రింక్ సీసాలా. శబ్దవేగం దగ్గరపడే కొద్దీ రెక్క ఉన్నచోట గాలికి అడ్డు ఒక్కసారిగా పెరుగుతుంది, అందుకని అక్కడ ఒళ్లు తగ్గించి మొత్తం అడ్డుకోత (విమానాన్ని అడ్డంగా కోస్తే కనపడే సైజు) ఒక్కసారి పెరక్కుండా చూస్తారు. నాకు ఇది పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు, మామయ్య పిల్లల్ని తోక వెనక్కి తీసుకెళ్లి ఒక కన్ను మూసి ఒళ్లు పొడవునా చూడమన్నారు, నేనూ చూశాను, ఆ నొక్కు అప్పుడు కనపడింది. మీరూ అలాగే చూడండి, పక్కనుంచి చూసినప్పటికంటే వెనకనుంచి చూస్తేనే బాగా తెలుస్తుంది.

మారుత్ 1967లో ఎయిర్‌ఫోర్స్‌లోకి వచ్చింది, 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు పనిచేసింది, మొత్తం 147 తయారయ్యాయి, 1990లో రిటైరైంది. దీని బాధంతా ఇంజిన్‌తోనే. ఈ ఒంటికి శబ్దవేగానికి రెట్టింపు వేగం వెళ్లాలని డిజైన్ చేశారు, దానికి తగ్గ ఇంజిన్ దొరకలేదు, అనుకున్న శక్తివంతమైన రకం ఆగిపోయింది, చివరికి ఆర్ఫియస్ 703 అనే చిన్న ఇంజిన్లు రెండు పెట్టి నడిపారు. ఇంజిన్ మన చేతిలో లేకపోతే విమానం ఎంత బాగా గీసినా ఏమవుతుందో మామయ్య చాలాసేపు చెప్పారు, ఆయన గొంతు మారిపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోమని పిల్లలకి చెప్పండి, ఇంజిన్ హాల్లో మళ్లీ పనికొస్తుంది.

అజీత్ దగ్గర పిల్లలకి సైజు చూపించండి. పొడవు తొమ్మిది మీటర్లు, పెద్ద ఆర్టీసీ బస్సు కంటే తక్కువే. ఇంగ్లీషు నాట్ విమానాన్ని హెచ్ఏఎల్ లైసెన్సు మీద తయారుచేసి, తర్వాత దాన్నే మార్చి అజీత్ చేసింది, 1975లో ఎగిరింది. ముఖ్యమైన మార్పు ఏంటంటే రెక్కల లోపలే ఇంధనం పోశారు, దాంతో రెక్కల కింద ట్యాంకులు వేలాడదీసే చోటు ఆయుధాలకి ఖాళీ అయింది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద నాట్‌లో ఒంటరిగా పోరాడి ప్రాణమిచ్చిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ కథ ఇక్కడే చెప్పాలి. ఎయిర్‌ఫోర్స్‌లో పరమవీర చక్ర వచ్చింది ఆయనొక్కరికే. ఆ కాక్‌పిట్ వెడల్పు చూస్తూ వింటే వేరుగా ఉంటుంది.

కిరణ్ పక్కనుంచి వెళ్తూ ఒక్క తేడా అడగండి. హెచ్‌టీ-2లో సీట్లు ముందూ వెనక, ఇందులో పక్కపక్కన. గురువు శిష్యుడి చేతులు చూడగలడు కదా. బీదర్‌లో ఉండే సూర్యకిరణ్ విన్యాసాల టీమ్ 1996 నుంచి 2011 దాకా ఎగరేసింది ఈ కిరణ్‌లే. క్యాన్‌బెర్రా బాంబర్ కనిపిస్తే ఆగండి, 1957 నుంచి 2007 దాకా యాభై ఏళ్లు మన ఎయిర్‌ఫోర్స్‌లో చేసింది. బసంత్ అని ఒకటుంటుంది, పొలాల మీద మందు కొట్టే విమానం, కాక్‌పిట్ ఎత్తుగా గూనిలా ఉంటుంది, కిందికి వాలి పొలం మీద ఎగురుతూ ముందు కరెంటు తీగలూ చెట్లూ కనపడాలి కాబట్టి. పల్లెటూరి మూలాలున్న తాతయ్యలకీ అమ్మమ్మలకీ ఫైటర్ల కంటే ఇదే నచ్చుతుంది, ఖాయంగా చెప్పగలను.

ఇక మిగ్-21. మన హైదరాబాద్ వాళ్లు దీని ముందు కాసేపు నిలబడాలి.

1963లో మన ఎయిర్‌ఫోర్స్‌లోకి వచ్చింది, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. అరవై ఏళ్ల పైమాటే. దీన్ని ఇక్కడ తయారుచెయ్యడానికి పనిని మూడు చోట్ల పంచారు, ఒళ్లు నాసిక్‌లో, ఇంజిన్ ఒడిశాలో కోరాపుట్‌లో, లోపలి ఎలక్ట్రానిక్స్ మన బాలానగర్‌లో. 1965లో బాలానగర్ డివిజన్ పుట్టిందే ఇందుకోసం. రోజూ ఆ గేటు ముందునుంచి సిటీ బస్సుల్లో పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? మామయ్య విమానం ముక్కు దగ్గర ఆగి, కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుని పెట్టుకుని, చూపుడువేలు గాల్లోనే ఆనిస్తూ "మేం చేసిన రేడియో డబ్బా లోపల ఇటువైపు ఉండేది రా కన్నా, మా బెంచీ మీద రోజుల తరబడి టెస్ట్ చేసి గానీ పంపేవాళ్లం కాదు" అన్నారు. మా చిన్నోడు ఆ వేలు చూపించిన చోటుకి దగ్గరగా వెళ్లి లోపలేదో వినపడుతుందన్నట్టు చెవి పెట్టబోయాడు.

మీరు దీని ముక్కు చూడండి. గుండ్రటి నోరు, మధ్యలో శంఖంలా కోన్. ఆ కోన్ ఊరికే లేదు. శబ్దం కంటే వేగంగా వెళ్తున్నప్పుడు గాలి అదే వేగంతో ఇంజిన్‌లోకి వస్తే ఇంజిన్ మింగలేదు, ఆ కోన్ దగ్గర గాలి దెబ్బతిని వేగం తగ్గి లోపలికి పోతుంది, వేగాన్ని బట్టి కోన్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. రాడార్ కూడా ఆ కోన్ లోపలే. మారుత్‌కి చూస్తే గాలి నోళ్లు పక్కల ఉంటాయి, వాటిలో సగం కోన్‌లు ఉంటాయి. పనదే, చోటు వేరు. రెండింటినీ పోల్చి బొమ్మ గియ్యమంటే పిల్లలకి అరగంట పని. ముక్కు దగ్గర పొడుగ్గా ఊచలా ఉండేది విమానం వేగం కొలిచే గొట్టం, అది తుపాకీ అనుకుంటారు చాలామంది పిల్లలు, చెప్పండి.

స్టెప్ 7: ఇంజిన్ల హాల్, తొందరపడకుండా

అందరూ తొంగి చూసి వెళ్లిపోయే గది ఇదే, నా దృష్టిలో మొత్తం మ్యూజియంలో విలువైన గది కూడా ఇదే. మామూలుగా విమానం లోపల దాగి ఉండేది ఇక్కడ కోసి, తెరిచి పెట్టారు.

పిల్లలకి నాలుగు మాటలు నేర్పండి: పీల్చు, నొక్కు, మండించు, చిమ్ము. జెట్ ఇంజిన్ అంటే ఈ నాలుగే. కోసిన ఇంజిన్ దగ్గర ముందునుంచి వెనక్కి నడుస్తూ ఒక్కో మాట దగ్గర ఆగండి. ముందు భాగంలో వరసలు వరసలుగా బ్లేడ్లు ఉంటాయి, మొదటి వరస పెద్దవి, వెనక్కి పోయేకొద్దీ చిన్నవైపోతాయి. ఎందుకు చిన్నవయ్యాయో అడగండి, చెప్పేయకండి. గాలి నొక్కుకుపోయే కొద్దీ దానికి కావాల్సిన చోటు తగ్గుతుంది కదా, అందుకు. మా అమ్మాయి వేళ్లతో కొలుచుకుంటూ మొదటి బ్లేడు "నా జానెడు", చివరిది "నా బొటనవేలంత" అని నోట్‌బుక్‌లో రాసుకుంది, కారణం కూడా తనే చెప్పింది.

మధ్యలో ఇంధనం మండే గది, దాని వెనక టర్బైన్. జాతరలో కొనే కాగితం గాలిమర గుర్తుచెయ్యండి, వేడిగాలి తగిలి టర్బైన్ అలా తిరుగుతుంది, అదే ఇరుసు మీద ముందున్న బ్లేడ్లనీ తిప్పుతుంది. అంటే ఇంజిన్ తనకి కావాల్సిన గాలిని తనే నొక్కుకుంటోంది, మిగిలిన శక్తితో వెనక్కి చిమ్మి విమానాన్ని ముందుకి తోస్తోంది. బెలూన్ ఊది మూతి వదిలేస్తే ఎటు పోతుంది? అదే. ఒక బెలూన్ జేబులో పెట్టుకెళ్లి బయటికొచ్చాక వదిలి చూపించండి, హాల్లో మాత్రం వద్దు.

ఇప్పుడు ఆర్ఫియస్ పేరు వెతకండి. మారుత్‌లో రెండు, అజీత్‌లో ఒకటి, కిరణ్ రెండో రకమైన మార్క్ 2లో ఒకటి, ఆ కుటుంబం ఇంజిన్లే. ఒకటే రకం ఇంజిన్ చిట్టి ఫైటర్‌కి సరిపోయింది, ట్రైనర్‌కి సరిపోయింది, మారుత్‌కి మాత్రం చాల్లేదు. ఈ ముక్క అర్థమైన వెంటనే బయటికి నడిచి మారుత్ వెనక భాగం మళ్లీ చూడండి, పక్కపక్కన రెండు రంధ్రాలు. ఇందాక చూసినవే, ఇప్పుడు లోపల ఏముండేదో తెలుసు.

స్టెప్ 8: తిండి, విశ్రాంతి, పెద్దవాళ్లు

నాలుగు గంటల ప్లాన్‌లో ఒక బ్రేక్ ఉండాల్సిందే. మేం పులిహోర, పెరుగన్నం డబ్బాలు తీసుకెళ్లి, లోపలికి తినడానికి తీసుకెళ్లకూడదన్నచోట ఆగి, బయట చెట్టు నీడలో తిన్నాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఫోటోల హాల్ బ్రేక్ టైమ్‌లా వాడుకోవచ్చు. ఫోటోలు దిగాలంటే రెండో రౌండ్‌లో దిగండి, మొదటి రౌండ్‌లో ఫోన్ బ్యాగులో పెట్టేయండి. ఇది కష్టంగా ఉంటుంది కానీ చేసి చూడండి.

స్టెప్ 9: రెండో రోజు సగం పూట, విశ్వేశ్వరయ్య మ్యూజియం

టైమ్ ఉంటే మర్నాడు పొద్దున పర్పుల్ లైన్‌లోనే కబ్బన్ పార్క్ స్టేషన్ దిగి కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియంకి వెళ్లండి. 1962లో నెహ్రూ ప్రారంభించారు. లోపలికెళ్లే ముందు పిల్లలకి ఆ పేరు ఎవరిదో చెప్పండి. 1908లో మూసీ వరద మన హైదరాబాద్‌ని ముంచేశాక, మళ్లీ అలా జరక్కుండా ఏం చెయ్యాలో చెప్పమని నిజాం ప్రభుత్వం పిలిపించింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారినే, ఆ ఆలోచనలోంచే గండిపేట, హిమాయత్‌సాగర్ వచ్చాయి. మనం తాగిన నీళ్లకి ఆయన పేరుతో సంబంధం ఉంది.

ఇక్కడ విమానాలకి సంబంధించి చూడాల్సింది రైట్ సోదరుల ఫ్లైయర్ పూర్తి సైజు నమూనా. 1903 డిసెంబర్ 17న వాళ్ల మొదటి ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు, అంటే 36న్నర మీటర్లు. శంషాబాద్‌లో మనం ఎక్కే ఎయిర్‌బస్ ఏ320 పొడవే 37న్నర మీటర్లు ఉంటుంది. మొదటి ప్రయాణం మొత్తం ఇప్పటి విమానం తోక నుంచి ముక్కు దాకా కూడా రాదు! ఈ లెక్క పిల్లల చేతే వేయించండి. గుడ్డ రెక్కలు, తీగలు, పడుకుని నడిపే పైలట్ బొమ్మ చూశాక నిన్నటి మారుత్ గుర్తొస్తుంది, 1903కీ 1961కీ మధ్య 58 ఏళ్లు.

హెచ్ఏఎల్ మ్యూజియం ముందు, ఇది తర్వాత అన్న వరసే ఎందుకంటే, ఇక్కడ బటన్లూ ఆటలూ ఎక్కువ, ఇది ముందు చూస్తే పిల్లలకి అక్కడ కదలకుండా నిలబడ్డ విమానాలు చప్పగా అనిపిస్తాయి.

స్టెప్ 10: ఇంటికొచ్చాక

నోట్‌బుక్ బ్యాగులోనే ఉండిపోనివ్వకండి. ట్రైన్‌లోనే, అనంతపురం దాటేలోపు, ఖాళీగా వదిలిన పేజీలు నింపమనండి, ఇంటికొస్తే హోంవర్క్‌ల్లో పడి మర్చిపోతారు. బేగంపేటలో రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా ఏవియేషన్ షో జరుగుతుంది, మామూలు జనాన్ని అనుమతించే రోజులు ఏవో ప్రకటించాక చూసుకుని టికెట్ తీసుకోండి, మ్యూజియంలో ఆగిపోయిన విమానాలు చూసిన పిల్లలకి అక్కడ ఇంజిన్ ఆన్ అయి ఉన్నవి చూపించొచ్చు. మేం ఆ షోకి మామయ్యనీ తీసుకెళ్లాం, చెవుల్లో పెట్టుకోవడానికి దూది మాత్రం మర్చిపోయాం, మీరు తీసుకెళ్లండి.